సెప్సిస్ ఎంత ముదిరిందో చెప్పే రక్తపరీక్ష ఏది? లాక్టేట్, పీసీటీ, సీఆర్‌పీ, సీబీపీల పోలిక

రాత్రి పదకొండు గంటలకు అచ్చంపేటలోనో దేవరకొండలోనో ఇరవై పడకల దవాఖానకు ఒక పెద్దామెను తీసుకొస్తారు. మూడు రోజులుగా జ్వరం, మూత్రంలో మంట. సాయంత్రం నుంచి మాట తడబడుతోంది. శ్వాస నిమిషానికి 26, పై బీపీ 96. ల్యాబ్ టెక్నీషియన్ సిరంజి పట్టుకుని అడుగుతాడు: "సార్, సీఆర్‌పీ పెట్టాలా, పీసీటీ పెట్టాలా?" తలుపు దగ్గర నిలబడ్డ కొడుకు అడుగుతాడు: "ఎంతయితది సార్?"

ఇద్దరికీ జవాబు కావాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు చిన్న దవాఖానల్లో పనిచేసే డ్యూటీ డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ వాళ్లు, బిల్లు చేతిలో పట్టుకుని అయోమయపడే ఇంటివాళ్లు ఈ పోలికను దగ్గర పెట్టుకోవచ్చు.

ఆ పెద్దామెకు ఆ రాత్రి పైసలు ఒక్క పరీక్షకే ఉంటే అది పీసీటీ (ప్రోకాల్సిటోనిన్) కాదు, సీఆర్‌పీ (సి-రియాక్టివ్ ప్రొటీన్) కూడా కాదు. లాక్టేట్. రెండు పరీక్షలకు ఉంటే, రెండు గంటల తర్వాత మళ్లీ లాక్టేట్. ఎందుకో కింద వివరంగా ఉంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

"ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది" అని ఇంటివాళ్లకు చెబుతుంటాం. అర్థం కావడానికి ఆ మాట పనికొస్తుంది కానీ సెప్సిస్ అంటే అంతే కాదు. 2016లో వచ్చిన సెప్సిస్-3 నిర్వచనం ప్రకారం, ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు అదుపు తప్పి స్పందించి, ఆ స్పందన వల్లే కిడ్నీ, కాలేయం, ఊపిరితిత్తులు, మెదడు వంటి అవయవాలు ప్రాణం మీదికి వచ్చేలా దెబ్బతినడం సెప్సిస్. కాబట్టి తీవ్రత అంటే అవయవాలు ఎంత దెబ్బతిన్నాయన్నదే. రక్తంలో క్రిములు ఎన్ని ఉన్నాయన్నది కాదు, జ్వరం ఎంత ఉందన్నదీ కాదు.

ఏ పరీక్షనైనా ఈ ఐదు ప్రశ్నలతో తూకం వేయండి.

1. ఇది ఏ ప్రశ్నకు జవాబిస్తుంది? "బ్యాక్టీరియా ఇన్ఫెక్షనేనా?", "ఎంత ముదిరింది?", "మందు పనిచేస్తోందా, ఎప్పుడు ఆపాలి?" అనేవి మూడు వేరు వేరు ప్రశ్నలు. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. మొదటి ప్రశ్న కోసం పుట్టిన పరీక్షను రెండో ప్రశ్నకు వాడేస్తాం.
2. ఒంట్లో మార్పు వచ్చిన ఎన్ని గంటలకు ఆ అంకె కదులుతుంది?
3. మీ దగ్గర రిపోర్టు ఎన్ని నిమిషాల్లో వస్తుంది? హైదరాబాద్‌కు పంపి మర్నాడు తెప్పించుకునే అంకెతో ఈ రాత్రి నిర్ణయం జరగదు.
4. దాన్ని ఏమేమి తప్పుదోవ పట్టిస్తాయి?
5. రెండోసారి, మూడోసారి చేయించే స్తోమత ఉందా? సెప్సిస్‌లో ఒంటరి అంకెకు విలువ తక్కువ. అది ఎటు పోతోందన్నదే ముఖ్యం.

ఇంకో షరతు అన్నిటికీ పైన ఉంది. ఏ రిపోర్టు కోసమూ యాంటీబయాటిక్ ఆపకూడదు. షాక్ ఉన్నా, సెప్సిస్ అని గట్టి అనుమానం ఉన్నా గంటలోపు మొదటి డోసు పడాలి. షాక్ లేకుండా ఉత్త అనుమానమే ఉంటే మూడు గంటల్లోపు తేల్చుకుని ఇవ్వాలి. 2021 సర్వైవింగ్ సెప్సిస్ అనే అంతర్జాతీయ మార్గదర్శకాల మాట ఇది. యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా వద్దా అని నిర్ణయించడానికి పీసీటీ వాడొద్దని కూడా అవే సూచించాయి.

## లాక్టేట్: ముదురును సూటిగా చెప్పేది

కణాలకు ఆక్సిజన్ చాలకపోయినా, ఒత్తిడి హార్మోన్లు విపరీతంగా పెరిగినా, కాలేయం శుభ్రం చేయలేకపోయినా లాక్టేట్ పేరుకుంటుంది. సెప్సిస్‌లో ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి, అందుకే అది అంత బాగా మాట్లాడుతుంది. లీటరుకు 2 మిల్లీమోల్‌ల లోపు మామూలు. 2 నుంచి 4 మధ్య అయితే పక్కన కూర్చుని చూసుకోవాల్సిన రోగి. 4, ఆ పైన అయితే బీపీ బాగానే కనిపిస్తున్నా ప్రమాదంలో ఉన్నట్టే. సరిపడా ద్రవాలు ఎక్కించాక కూడా సగటు బీపీ 65 నిలవడానికి బీపీ పెంచే నోరడ్రినలిన్ మందు కావాల్సి రావడం, దానికి తోడు లాక్టేట్ 2 దాటి ఉండడం, ఈ రెండూ కలిస్తేనే సెప్టిక్ షాక్. ఆ దశలో దవాఖానలోనే చనిపోయే ప్రమాదం 40 శాతానికి పైనే.

మొదటి అంకె 2 దాటితే రెండు నుంచి నాలుగు గంటల్లో మళ్లీ చూడాలి. 4.8 ఉన్నది రెండు గంటల్లో 3.6కు దిగితే 25 శాతం తగ్గినట్టు, చికిత్స దారిలో ఉంది. రెండు గంటల్లో కనీసం 10 శాతం కూడా తగ్గకపోతే ఆగి ఆలోచించాలి. ద్రవం చాలలేదా? ఎక్కడైనా చీము గూడుకట్టిందా? కిడ్నీలో రాయి అడ్డుపడి మూత్రం నిలిచిందా? అలాంటిదాన్ని తొలగించకుండా ఎన్ని బాటిళ్లు పెట్టినా లాక్టేట్ దిగదు.

అయితే ఇంత మంచి పరీక్షను శాంపిల్ దగ్గరే పాడుచేస్తాం. ట్యూబులోకి పోయాక కూడా ఎర్రకణాలు చక్కెరను తింటూ లాక్టేట్ తయారుచేస్తూనే ఉంటాయి. మే నెల ఎండలో ఏసీ లేని ల్యాబ్ టేబుల్ మీద అరగంట పెడితే రోగికి లేని లాక్టేట్ ట్యూబులో పుడుతుంది. కాబట్టి శాంపిల్ ఇలా తీయండి.

- టోర్నీకే (చేతికి బిగించే పట్టీ) వదులుగా, కొద్దిసేపే. దొరికితే టోర్నీకే లేకుండానే. "పిడికిలి బిగించు, తెరువు" అని చెప్పొద్దు, కండరం బిగిస్తేనే లాక్టేట్ పెరుగుతుంది.
- సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీయొద్దు. రింగర్ లాక్టేట్ ఎక్కుతున్న లైన్ నుంచి లాగితే ఆ ద్రవమే రిపోర్టులో కనిపిస్తుంది. (రింగర్ లాక్టేట్ ఇవ్వడం తప్పు కాదు. మామూలు మోతాదులో అది రోగి లాక్టేట్‌ను చెప్పుకోదగ్గంత పెంచదు. కల్తీ అయిన శాంపిలే సమస్య.)
- బూడిదరంగు మూత ఫ్లోరైడ్ ట్యూబు. నెమ్మదిగా ఎనిమిది పదిసార్లు తిప్పి, ఐస్‌లో పెట్టి, వెంటనే ల్యాబ్‌కు. ఫ్లోరైడ్ పూర్తిగా పనిచేయడానికి కొంతసేపు పడుతుంది, ఆ సందు పూడ్చేది ఐసే. బ్లడ్ గ్యాస్ మిషన్ ఉంటే హెపారిన్ సిరంజితో నేరుగా పెట్టండి, రెండు మూడు నిమిషాల్లో అంకె వస్తుంది.
- సిర రక్తం చాలు. ధమని రక్తం కంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. సిరలో మామూలుగా ఉంటే ధమనిలో తీయాల్సిన పనిలేదు. రెండోసారి మాత్రం మొదటిసారి తీసిన రకమే తీయండి.

యూనిట్ల గొడవ ఇంకోటి. కొన్ని ల్యాబ్‌లు మిల్లీమోల్‌లలో, కొన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. 1 మిల్లీమోల్ సుమారు 9 మిల్లీగ్రాములు. అంటే 18 మిల్లీగ్రాములు మామూలు హద్దు, 36 ప్రమాదం. "లాక్టేట్ 18" అని ఫోనులో విని రోగిని హడావిడిగా అంబులెన్స్ ఎక్కించడం ఒక తప్పు. "30 అంటే పెద్దగా ఏం లేదులే" అని పడుకోబెట్టడం అంతకంటే పెద్ద తప్పు, అది 3.3 మిల్లీమోల్. అంకెతో పాటు యూనిట్ చెప్పని రిపోర్టును ఫోనులో ఒప్పుకోవద్దు.

సెప్సిస్ లేకుండానే లాక్టేట్ పెరిగే సందర్భాలు: ఇప్పుడే ఫిట్స్ వచ్చి తగ్గడం, ఆస్తమాకు వరసగా సాల్బుటమాల్ నెబులైజేషన్, అడ్రినలిన్ డ్రిప్, కిడ్నీ దెబ్బతిన్న షుగర్ రోగి మెట్‌ఫార్మిన్ మింగుతూ ఉండడం, ముదిరిన కాలేయ జబ్బు. కల్తీ కల్లుకు అలవాటుపడి ఒక్కసారిగా మానేసినవాళ్లకు ఫిట్స్ రావడం పాలమూరు వైపు తెలిసిందే. వాళ్లను ఫిట్స్ తగ్గిన పది నిమిషాలకు పరీక్షిస్తే లాక్టేట్ బాగా ఎక్కువ చూపిస్తుంది. ఫిట్స్ వల్లనే అయితే గంట రెండు గంటల్లో దానంతట అదే దిగిపోతుంది. ఇక్కడా రెండో శాంపిలే దిక్కు.

లాక్టేట్ మామూలుగా ఉండి కూడా కిడ్నీ పాడైన సెప్సిస్ రోగులు ఉంటారు. అందుకే దానికి తోడు కావాలి.

## క్రియాటినిన్, బిలిరుబిన్, ప్లేట్‌లెట్లు: చవకైనవి, చిన్నచూపు చూసేవి

"బయోమార్కర్" అనగానే ఖరీదైన పేర్లే గుర్తొస్తాయి కానీ, సెప్సిస్ తీవ్రతను కొలిచే సోఫా స్కోరులో రక్తం నుంచి తీసుకునేవి ప్రధానంగా ఈ మూడే. మిగతావి ఆక్సిజన్, బీపీ, స్పృహ. మామూలుగా ఉన్నదానికంటే స్కోరు 2 పెరిగితే అది సెప్సిస్ కిందే లెక్క, దవాఖానలో మరణ ప్రమాదం 10 శాతం దాటినట్టు.

| పాయింట్లు | క్రియాటినిన్ (మి.గ్రా./డె.లీ.) | బిలిరుబిన్ (మి.గ్రా./డె.లీ.) | ప్లేట్‌లెట్లు |
|---|---|---|---|
| 1 | 1.2 – 1.9 | 1.2 – 1.9 | 1.5 లక్షల లోపు |
| 2 | 2.0 – 3.4 | 2.0 – 5.9 | 1 లక్ష లోపు |
| 3 | 3.5 – 4.9 | 6.0 – 11.9 | 50 వేల లోపు |
| 4 | 5 పైన | 12 పైన | 20 వేల లోపు |

వీటి లోపం ఆలస్యం. కిడ్నీ దెబ్బతిన్న ఒకటి రెండు రోజులకు గానీ క్రియాటినిన్ పూర్తిగా పైకి రాదు. ఆలోపు నిజం చెప్పేది మూత్రం సంచి. కిలోకు గంటకు అర మిల్లీలీటరు, అంటే 50 కిలోల మనిషికి గంటకు 25 మిల్లీలీటర్ల కంటే తగ్గితే కిడ్నీకి రక్తం చాలడం లేదని అర్థం. ఇది పైసా ఖర్చు లేని కొలత. గంట గంటకూ రాసేవాళ్లే కావాలి.

రెండో లోపం, పాత అంకె తెలియకపోవడం. నల్లగొండ జిల్లాలో ముందే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు తక్కువేం కాదు. ఎప్పటినుంచో 2.4 ఉన్న మనిషికి ఈ రోజు 2.5 వస్తే అది సెప్సిస్ పని కాదు. 0.8 ఉన్నవాళ్లకు 1.7 వస్తే మాత్రం రెట్టింపు దాటినట్టే. ఇంటి నుంచి పాత రిపోర్టుల కవరు తెప్పించమని మొదటి పది నిమిషాల్లోనే చెప్పండి.

ప్లేట్‌లెట్లు అనుకోకుండా తక్కువ వస్తే స్లైడు వేసి చూడమని అడగండి. ఊదారంగు ట్యూబులో కొందరి ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి మిషన్‌ను మోసం చేస్తాయి. సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీస్తే అసలు లెక్క తేలుతుంది.

## పీసీటీ: ఆపడానికి మంచిది, మొదలుపెట్టడానికి కాదు

ప్రోకాల్సిటోనిన్‌కూ బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌కూ ఉన్న సంబంధం 1993లో బయటపడింది. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ మొదలైన నాలుగు గంటల నుంచి పెరిగి, దాదాపు ఒక రోజులో శిఖరానికి చేరి, కారణం తగ్గితే రోజుకు సగం చొప్పున పడిపోతుంది. మిల్లీలీటరుకు 0.5 నానోగ్రాముల లోపు ఉంటే తీవ్రమైన బ్యాక్టీరియా సెప్సిస్ అవకాశం తక్కువ. 2 దాటితే ఎక్కువ. 10 పైన సాధారణంగా తీవ్రమైనవాళ్లలోనే కనిపిస్తుంది.

అయినా తీవ్రతకు దీన్ని కొలబద్దగా పెట్టుకోవద్దు. మూత్రనాళం నుంచి వచ్చే గ్రామ్-నెగటివ్ ఇన్ఫెక్షన్‌లో 60 వచ్చి కూడా మూడు రోజుల్లో లేచి తిరిగేవాళ్లున్నారు. న్యుమోనియాలో 3 ఉండి వెంటిలేటర్ ఎక్కేవాళ్లూ ఉన్నారు. కడుపులో గోడకట్టిన చీముగడ్డ, టీబీ వంటివాటిలో అది అసలు పెరగకపోవచ్చు. పెద్ద ఆపరేషన్, కాలిన గాయాలు, రోడ్డు ప్రమాదం, డయాలిసిస్ స్థాయి కిడ్నీ జబ్బు, ఫాల్సిపారం మలేరియా, వడదెబ్బ వీటిలో ఇన్ఫెక్షన్ లేకుండానో, బ్యాక్టీరియా లేకుండానో పెరుగుతుంది. పుట్టిన మొదటి రెండు రోజుల్లో ఏ జబ్బూ లేని శిశువుకు కూడా ఎక్కువే ఉంటుంది.

దీని అసలు విలువ ఐదో రోజు తెలుస్తుంది. రోగి కోలుకుంటున్నాడు, యాంటీబయాటిక్ ఇంకెన్నాళ్లు? శిఖరం నుంచి 80 శాతం తగ్గినా, 0.5 లోపుకు దిగినా ఆపడానికి ధైర్యం చేయవచ్చు. 40 ఉన్నది 8కి వచ్చిందంటే ఆ హద్దు దాటినట్టే, 0.5 దాకా ఎదురుచూడక్కర్లేదు. బ్రిటన్‌లో జరిగిన అడాప్ట్-సెప్సిస్ పరిశోధనలో పీసీటీ చూసి నడిపినవాళ్లకు యాంటీబయాటిక్ దాదాపు ఒక రోజు తగ్గింది, ప్రాణానికి ముప్పు పెరగలేదు. సీఆర్‌పీ చూసి నడిపినవాళ్లలో ఆ తగ్గుదల రాలేదు.

కాబట్టి పీసీటీ చేయించేట్టయితే మొదటి రోజు ఒకటి, మూడో రోజు నుంచి ఒకటి రెండు. మొదటిది చేయకుండా ఐదో రోజు ఒక్కటే చేయిస్తే పోల్చడానికి ఏమీ ఉండదు. ఇంకో జాగ్రత్త: చిన్న ల్యాబ్‌ల్లో దొరికే కార్డు పరీక్ష గీత ముదురును బట్టి "0.5 – 2", "2 – 10" అని అంతరం మాత్రమే చెబుతుంది. దానితో 80 శాతం లెక్క కుదరదు. పీసీటీ శాంపిల్ హైదరాబాద్ పంపాల్సి వస్తే సీరం వేరుచేసి ఫ్రిజ్ చల్లదనంలో పంపితే ఒక రోజు ప్రయాణానికి తట్టుకుంటుంది. లాక్టేట్‌కు ఆ వెసులుబాటు లేదు.

## సీఆర్‌పీ: ధోరణి చూపే పాత నేస్తం

1930 నుంచి తెలిసిన ప్రొటీన్ ఇది. కాలేయంలో తయారవుతుంది. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత పెరుగుతుంది, శిఖరానికి రెండు రోజులు పడుతుంది. అందుకే రాత్రి పదకొండుకు వచ్చిన రోగిలో, జబ్బు అప్పుడే అంటుకుని ఉంటే, సీఆర్‌పీ తక్కువగా ఉండి మిమ్మల్ని నిద్రపుచ్చవచ్చు. కీళ్లవాతం, టీబీ, ఏ ఆపరేషన్ అయినా దాన్ని పెంచుతాయి. కాలేయం పూర్తిగా దెబ్బతింటే పెరగాల్సినప్పుడు కూడా పెరగదు.

పనికొచ్చే చోటు వేరే ఉంది. ఆపరేషన్ తర్వాత మామూలుగా రెండో మూడో రోజుకు శిఖరం చేరి దిగాలి. నాలుగో రోజు కూడా ఎక్కుతూ ఉంటే కుట్టు లోపల ఏదో ఉందని అనుమానించాలి. ఇక్కడా యూనిట్ ఉచ్చు ఉంది: డెసిలీటరుకు 12 మిల్లీగ్రాములు అంటే లీటరుకు 120. నిన్నటి రిపోర్టు ఒక ల్యాబ్‌ది, ఇవాళ్టిది ఇంకో ల్యాబ్‌ది అయితే "120 నుంచి 12కు పడింది" అని సంబరపడకముందు యూనిట్ చదవండి. ఇక గుండె జబ్బు ప్రమాదం కోసం చేసే హెచ్‌ఎస్-సీఆర్‌పీ ఇక్కడ అక్కర్లేదు, దానికి ఎక్కువ కట్టొద్దు.

## సీబీపీ, ఎన్‌ఎల్‌ఆర్

సీబీపీ అంటే రక్తకణాల లెక్క. అందులో తెల్లకణాలు 12 వేలు దాటినా, 4 వేల లోపు పడినా అనుమానించాలి. పడిపోవడమే ఎక్కువ భయపెట్టాలి. న్యూట్రోఫిల్‌ను లింఫోసైట్‌తో భాగిస్తే ఎన్‌ఎల్‌ఆర్. మామూలుగా 1 నుంచి 3. పది దాటితే ఒళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉందని చెప్పవచ్చు, కానీ ఒప్పుకున్న ఒకే హద్దు అంటూ లేదు. ముందురోజు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డెక్సా (స్టెరాయిడ్) ఇంజెక్షన్ పడి ఉంటే తెల్లకణాలూ ఎన్‌ఎల్‌ఆరూ రెండూ పెరుగుతాయి. "ఏం సూది వేశారు?" అని అడగకుండా సీబీపీ చదవొద్దు.

ఇంటర్‌ల్యూకిన్-6, ప్రెసెప్సిన్ వంటివి ఒకటి రెండు గంటల్లోనే పెరుగుతాయి, మాట నిజమే. కానీ ఖరీదు ఎక్కువ, మిషన్లు పెద్ద ల్యాబ్‌ల్లోనే ఉంటాయి, కిడ్నీ పనిచేయకపోతే ప్రెసెప్సిన్ ఉత్తినే పెరుగుతుంది. జిల్లా దవాఖానలో నిర్ణయాన్ని మార్చే శక్తి వీటికి ఇంకా లేదు.

## ఒక్క చూపులో

| పరీక్ష | దేనికి బాగా పనికొస్తుంది | ఎప్పటికి కదులుతుంది | మళ్లీ ఎప్పుడు | ఖర్చు |
|---|---|---|---|---|
| లాక్టేట్ | ఎంత ముదిరింది, చికిత్స అందుతోందా | నిమిషాలు, గంటలు | 2 – 4 గంటలకు | వందల్లో |
| క్రియాటినిన్, బిలిరుబిన్, ప్లేట్‌లెట్లు | ఏ అవయవం దెబ్బతింది | 1 – 2 రోజులు | రోజుకోసారి | వందల్లో |
| పీసీటీ | యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపాలి | 4 గంటల నుంచి | 1వ రోజు, 3వ రోజు నుంచి | వేలల్లో |
| సీఆర్‌పీ | తగ్గుతోందా, పెరుగుతోందా | 6 – 12 గంటలు | 1 – 2 రోజులకు | వందల్లో |
| సీబీపీ, ఎన్‌ఎల్‌ఆర్ | అనుమానం రేకెత్తించడానికి | గంటలు | రోజుకోసారి | అన్నిటికంటే తక్కువ |

## మన దగ్గర ప్రత్యేకంగా మోసపోయే చోట్లు

వానలు వెనకబట్టాక వచ్చే జ్వరాలు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడతాయి, తెల్లకణాలూ పడతాయి, సీఆర్‌పీ సాధారణంగా అంతగా పెరగదు. స్క్రబ్ టైఫస్‌లో ప్లేట్‌లెట్లు పడినా సీఆర్‌పీ బాగా ఎక్కువ, కాలేయ ఎంజైములు పైకి, పీసీటీ ఓ మోస్తరు. పత్తి చేన్లలో, గడ్డిలో పనిచేసినవాళ్లయితే చంకలో, గజ్జల్లో, నడుం దగ్గర, రొమ్ము కింద బీడీతో కాల్చినట్టున్న నల్లటి పొక్కు కోసం వెతకండి. అది దొరికితే ఏ బయోమార్కర్ కంటే విలువైన ఆధారం, ఎందుకంటే సెఫ్ట్రియాక్సోన్, పిప్‌టాజ్ వంటి యాంటీబయాటిక్‌లకు స్క్రబ్ టైఫస్ లొంగదు. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ కావాలి. తీవ్రమైన కేసుల్లో ఈ రెండూ కలిపి సిరలోకి ఇస్తే ఏ ఒక్కదానికన్నా మెరుగని మన దేశంలోనే జరిగిన ఇంట్రెస్ట్ పరిశోధన 2023లో చూపింది. "మూడు రోజులు పెద్ద యాంటీబయాటిక్ ఇచ్చినా సీఆర్‌పీ దిగలేదు" అనిపిస్తే, మందును ఇంకా పెద్దది చేయడానికి ముందు ఈ పొక్కును వెతకండి.

ఏప్రిల్, మే వడదెబ్బ. ఉపాధి హామీ పని నుంచి పడిపోయిన మనిషికి స్పృహ తప్పడం, లాక్టేట్ 5, పీసీటీ 6, ప్లేట్‌లెట్లు 80 వేలు, క్రియాటినిన్ పెరగడం, అన్నీ సెప్సిస్‌లాగే కనిపిస్తాయి. శరీర వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటే ముందు చల్లబరచండి. యాంటీబయాటిక్ ఇవ్వడం తప్పు కాదు, దాని కోసం చల్లబరచడం ఆలస్యం చేయడమే తప్పు.

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

ల్యాబ్ లేని మండల దవాఖాన, పీహెచ్‌సీ. రక్తపరీక్ష గురించి ఆలోచించకండి. శ్వాస నిమిషానికి 22కు చేరిందా, మాట తేడా ఉందా, పై బీపీ 100కు దిగిందా, వీటితో పాటు షుగర్ స్ట్రిప్. తర్వాత వేలి కొనను గాజు స్లైడుతో తెల్లబడేదాకా నొక్కి, పది సెకన్లు పట్టి వదలండి. రంగు తిరిగి రావడానికి మూడు సెకన్లు దాటితే చివరి భాగాలకు రక్తం అందడం లేదు. 2019లో దక్షిణ అమెరికా ఐసీయూల్లో జరిగిన ఆండ్రోమెడా-షాక్ పరిశోధనలో ఈ వేలి పరీక్షతో చికిత్స నడిపినవాళ్లు లాక్టేట్‌తో నడిపినవాళ్ల కంటే వెనకబడలేదు. సిర దొరికించి, మొదటి డోసు ఇచ్చి, 108కు ఫోన్ చేయండి.

ఇరవై, ముప్పై పడకల నర్సింగ్ హోమ్. పీసీటీ కార్డులు నిల్వ పెట్టుకునే ముందు లాక్టేట్ సొంతంగా చేసుకునే ఏర్పాటు చూడండి. మొదట బ్లడ్ కల్చర్ రెండు సెట్లు, ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు, తర్వాత సీరం, తర్వాత ఊదా, చివర బూడిదరంగు ట్యూబు. ద్రవం కిలోకు 30 మిల్లీలీటర్ల చొప్పున మూడు గంటల్లో, 50 కిలోలకు 1500, అంటే అర లీటరు బాటిళ్లు మూడు. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ప్రతి బాటిల్ తర్వాత ఊపిరితిత్తులు వినండి. లాక్టేట్ 4 పైన ఉన్నా, రెండోసారి దిగకపోయినా ఆ రాత్రే పంపండి. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ దవాఖానలున్నాయి. ముందు ఫోన్ చేసి ఐసీయూ పడక ఉందో లేదో కనుక్కోండి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు. మూడో లాక్టేట్ చూసి పంపుదామనుకుంటే ఆ దూరం ఇంకా పెరిగినట్టవుతుంది.

జిల్లా ఐసీయూ. లాక్టేట్ రెండు నుంచి నాలుగు గంటలకోసారి మామూలు అయ్యేదాకా, సోఫా రోజుకోసారి, పీసీటీ ఆపే నిర్ణయానికి మాత్రమే. రోజూ పీసీటీ, రోజూ సీఆర్‌పీ రెండూ రాసే అలవాటు ఉంటే ఒకటి మానండి.

ఇంటివాళ్లు. "సీఆర్‌పీ ఎంతుంది?" అని అడగడం కన్నా "లాక్టేట్ ఎంతుంది, మొదటిసారి కంటే తగ్గిందా? మూత్రం గంటకు ఎంత వస్తోంది?" అని అడగండి. ఈ రెండు జవాబులతో మనిషి ఏ స్థితిలో ఉన్నాడో తెలుస్తుంది. రిపోర్టుల ఫోటోలు తేదీ, సమయం కనిపించేలా తీసి పెట్టుకోండి. పెద్ద దవాఖానకు మార్చినప్పుడు అవే మొదట అడుగుతారు.

కొందరికి ఈ లెక్కలేవీ అచ్చంగా సరిపోవు. కాన్పు నొప్పుల్లో తెల్లకణాలూ లాక్టేట్ కూడా వాటంతటవే పెరుగుతాయి, బాలింతలో శ్వాస, నాడి, కడుపునొప్పి, దుర్వాసనకే ఎక్కువ విలువ. పిల్లలకు 2024లో వచ్చిన ఫీనిక్స్ కొలతలో లాక్టేట్ 5కు చేరితేనే పాయింటు, అలాగని 3 ఉన్న పిల్లవాణ్ని ఇంటికి పంపమని కాదు. కాలేయం గట్టిపడ్డవాళ్లకు ప్లేట్‌లెట్లు ముందే తక్కువ, బిలిరుబిన్ ముందే ఎక్కువ, లాక్టేట్ నెమ్మదిగా దిగుతుంది. వాళ్ల పాత అంకెలే కొలత.

## రిఫర్ చీటీలో ఏముండాలి

"సెప్సిస్, పెద్ద దవాఖానకు పంపడమైనది" అని ఒక్క ముక్క రాస్తే అవతలి డాక్టరు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అచ్చంపేట పెద్దామె చీటీ ఇలా ఉండాలి:

> రాత్రి 11:05 – బీపీ 96/58, శ్వాస 26, మాట తడబాటు, షుగర్ 142
> 11:20 – బ్లడ్ కల్చర్ 2 సెట్లు
> 11:25 – లాక్టేట్ 4.8 మిల్లీమోల్ (సిర, ఐస్‌లో)
> 11:35 – సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు సిరలోకి, రింగర్ మొదలు
> 1:15 – రింగర్ 1500 మి.లీ. పూర్తి
> 1:25 – లాక్టేట్ 4.6 మిల్లీమోల్ (సిర, ఐస్‌లో). మూత్రం రెండు గంటల్లో 30 మి.లీ.
> క్రియాటినిన్ 2.1 (ఆర్నెల్ల కింద 0.9), బిలిరుబిన్ 1.4, ప్లేట్‌లెట్లు 92 వేలు, స్లైడులో గుంపులు లేవు
> అనుమానం: మూత్రనాళ ఇన్ఫెక్షన్, రాయి, అడ్డు ఉందో స్కాన్ చూడాలి

రెండు గంటల్లో లాక్టేట్ 4 శాతమే దిగింది, మూత్రం గంటకు 15, క్రియాటినిన్ రెట్టింపు దాటింది. పీసీటీ లేకుండానే పంపాలన్న నిర్ణయం ఈ కాగితం మీద కనిపిస్తోంది. దీన్ని వాట్సాప్‌లో పంపి, కాగితాన్ని కూడా రోగి వెంట పెట్టండి. అక్కడ మూడో లాక్టేట్ తీసినప్పుడు పక్కన పెట్టి చూసుకోవడానికి ఆ 4.8, 4.6 వాళ్ల చేతిలో ఉండాలి.